చిన్నప్పుడు చిలకరింపు బాప్తిస్మం అయింది, ఇప్పుడు మళ్ళీ మునగాలా?

రేపల్లె ఆడపడుచు
అందరికీ వందనాలు. మాది తాతల కాలం నుంచీ లూథరన్ సంఘం. నాకు నాలుగో నెలలో మా ఊరి గుడిలో అయ్యగారు తల మీద నీళ్ళు పోసి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇచ్చారు. టెన్త్ అయిన వేసవిలో కన్ఫర్మేషన్ క్లాసులకు వెళ్ళాను. లూథర్ చిన్న కేటకిజం (విశ్వాస పాఠాల పుస్తకం) అప్పజెప్పి, సంఘం ముందు నిలబడి నా నోటితో విశ్వాసం ఒప్పుకున్నాను. అప్పటి నుంచి సంస్కారం, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం, తీసుకుంటూనే ఉన్నాను.

పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. మావారి వాళ్ళది ఒక ఇండిపెండెంట్ సంఘం. వాక్యం బాగా చెబుతారు, ప్రార్థనకు కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్ళెం నా ముందు నుంచి పక్కవాళ్ళకు వెళ్ళిపోతుంది. "ముంచి ఇచ్చిందే బాప్తిస్మం సిస్టర్, మీకు చేసింది పేరు పెట్టడం మాత్రమే" అన్నారు పాస్టర్ గారు. వచ్చే నెల మొదటి ఆదివారం బాప్తిస్మాలు ఉన్నాయట, నా పేరు రాసుకోమంటారా అని అడిగారు.

అమ్మకు ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే మేము నిన్ను ఎత్తుకుని గుడికి తీసుకెళ్ళింది ఎందుకూ కొరగాలేదంటావా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎవరినీ నొప్పించడం నాకు ఇష్టం లేదు, దేవుని మాట కాదనడం అసలే ఇష్టం లేదు. బైబిలు ఏమంటుందో, మీ మీ సంఘాల్లో ఏం చేస్తారో చెప్పండి.

ఒంగోలు విశ్వాసి
చెల్లెమ్మా, నేను బాప్టిస్టును, కాబట్టి నా మాట ఎటు ఉంటుందో నీకు తెలుసు. దాచకుండా చెబుతాను. మార్కు 16:16లో ముందు నమ్మడం, తర్వాత బాప్తిస్మం. పెంతెకొస్తు రోజున పేతురు మాట అంగీకరించినవాళ్ళే బాప్తిస్మం పొందారు. ఐతియొపీయుడైన నపుంసకుడు రథం ఆపించి, ఫిలిప్పుతో కలిసి నీళ్ళలోకి దిగాడు, నీళ్ళలోంచి వెలుపలికి వచ్చాడు. రోమా 6లో పౌలు క్రీస్తుతో పాతిపెట్టబడటం, ఆయనతో లేవడం అంటాడు. పాతిపెట్టడం అన్నాక పూర్తిగా మునగడమే ఆ మాటకు తగినట్టు ఉంటుంది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చారని కొత్త నిబంధనలో ఒక్క వాక్యం కూడా సూటిగా లేదు.

అయితే ఇంకో మాట. పాస్టర్ గారు తేదీ పెట్టారని, పళ్ళెం పక్కకు వెళ్తోందని నీళ్ళలోకి దిగవద్దు. నీ మనస్సాక్షి ఒప్పుకుంటేనే దిగు. మనుషుల బలవంతం మీద తీసుకున్న బాప్తిస్మాన్ని మా బాప్టిస్టులం కూడా గౌరవించం.

బడిపంతులు
అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం సభ్యుణ్ణి. ఒంగోలు తమ్ముడు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయను. కానీ ఆయన లెక్కలో బాప్తిస్మం మనం దేవునికి చెప్పే మాట. మా లెక్కలో ముందుగా అది దేవుడు మనకు చెప్పే మాట. తేడా అంతా అక్కడే ఉంది.

పెంతెకొస్తు ప్రసంగం చివర పేతురు ఈ వాగ్దానము మీకును మీ పిల్లలకును అని చెప్పాడు. లూదియ ఇంటివారితో కలిసి బాప్తిస్మం పొందింది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే తన ఇంటివారందరితో పొందాడు. ఆ ఇళ్ళలో పిల్లలు ఉన్నారని నేను రుజువు చేయలేను, లేరని ఎవరూ రుజువు చేయలేరు. కానీ దేవుడు ఇంటిని ఇంటిగా పిలిచాడని మాత్రం కనిపిస్తోంది. కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు సున్నతి గురించీ బాప్తిస్మం గురించీ ఒకే ఊపిరిలో మాట్లాడాడు. సున్నతి ఎనిమిదో రోజు బిడ్డకు జరిగేది. ఆ బిడ్డ ఏం నమ్మి చేయించుకున్నాడు?

నువ్వు అప్పజెప్పిన కేటకిజంలో నాలుగో భాగం మళ్ళీ తీసి చదువు. మనలోని పాత ఆదాము పశ్చాత్తాపంతో రోజూ మునిగి చావాలని, కొత్త మనిషి రోజూ లేవాలని ఉంటుంది. అంటే ఒకసారి పొందిన బాప్తిస్మాన్ని బతికినన్నాళ్ళూ జీవించాలి, మళ్ళీ తీసుకోనక్కరలేదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి పని మొదలుపెట్టిన నాటి నుంచి మన పెద్దలు ఆ నమ్మకంతోనే బిడ్డలను గుడికి ఎత్తుకొచ్చారు. మీ అమ్మ చేసింది విశ్వాసంతో చేసిన పని. దాన్ని పేరు పెట్టే వేడుక అనడం తప్పు.

పాలమూరు మెన్నొనైట్
పంతులు గారి మీద గౌరవంతోనే ఒక మాట. మా మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలు ఎక్కువ. మా మూలాలు యూరప్‌లోని అనాబాప్టిస్టులవి. 1525 జనవరిలో జూరిక్‌లో కొంతమంది, పసితనంలో జరిగింది మా విశ్వాసం కాదంటూ ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. రెండేళ్ళకు, 1527 జనవరిలో, వాళ్ళలో ఒకరైన ఫెలిక్స్ మాంజ్‌ను ఊరి కౌన్సిల్ లిమ్మత్ నదిలో ముంచి చంపించింది. శిక్ష వేసినవాళ్ళు కూడా ప్రొటెస్టెంట్లే.

కాబట్టి మాలాంటి వాళ్ళను మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు అని తేలిగ్గా అనకండి. వాళ్ళ దృష్టిలో అదే మొదటిది, దానికోసం ప్రాణం ఇచ్చారు. అదే చరిత్ర ఇంకో మాట కూడా నేర్పాలి. బాప్తిస్మం విషయంలో అధికారం వాడి ఒకరి మెడ వంచడం ఎప్పుడూ మంచికి దారితీయలేదు. అప్పుడు కౌన్సిల్ చేసింది. ఇప్పుడు బల్ల దగ్గర పళ్ళెం దాటించి చేస్తే, ప్రాణం తీయకపోయినా, అది కూడా బలవంతమే.

సెమినరీ బెంచి
నేను సంఘ చరిత్ర పాఠాలు చెబుతాను. రెండు పక్షాలవాళ్ళూ ఆదిమ సంఘం మా వైపే అంటారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

దిదకే అని చాలా పాత చిన్న గ్రంథం ఉంది, మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో. అందులో ఏడో అధ్యాయం బాప్తిస్మం గురించి. పారే నీళ్ళలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్ళు, చన్నీళ్ళు కుదరకపోతే వేడినీళ్ళు, రెండూ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి అని ఉంటుంది. బాప్తిస్మం పొందేవారు ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలని కూడా ఉంది. అంటే పారే నీళ్ళకే మొదటి చోటు ఇచ్చారు, కానీ పోసిన నీళ్ళను చెల్లవని అనలేదు. ఉపవాసం సంగతి చూస్తే మాత్రం పెద్దవాళ్ళను మనసులో పెట్టుకునే రాసినట్టుంది.

క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత చిన్నపిల్లల బాప్తిస్మం విషయంలో తొందరపడవద్దని రాశాడు. వద్దన్నాడంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. ఆ తర్వాత యాభై ఏళ్ళకు అదే ఊరి బిషప్ సిప్రియను, తనతోపాటు కూడిన బిషప్పులు, బిడ్డకు ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కరలేదని తీర్మానించారు. ఒకే ఊరు, రెండు తరాలు, రెండు అభిప్రాయాలు. రెండూ సంఘం లోపలివే.

ఇక రెండోసారి ఇవ్వడం. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులు అనే వర్గంవాళ్ళు, హింసల కాలంలో విశ్వాసానికి ద్రోహం చేసిన గురువుల చేతి బాప్తిస్మం చెల్లదని మళ్ళీ ఇచ్చేవారు. అక్కడి బిషప్ అగస్టీను దానికి ఒప్పుకోలేదు. బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చినవాడిది కాదు అన్నాడు. 1982లో పెరూ దేశపు లీమాలో వేర్వేరు సంఘాల వేదాంతులు కూర్చుని ఆమోదించిన పత్రం కూడా ఒకసారి జరిగిన బాప్తిస్మాన్ని మళ్ళీ చేయకూడదనే అంటుంది. పసిపిల్లలకు ఇచ్చే సంఘాలు విచక్షణ లేకుండా అందరికీ ఇచ్చేయడం మానాలని కూడా అందులోనే ఉంది. రెండో మాట మన పెద్ద సంఘాలు వినాలి. ఎప్పుడూ గుడి గడప తొక్కనివాళ్ళు ఫొటోల కోసం బిడ్డను తెస్తే, నీళ్ళు పోసి కేకు కోసి పంపేస్తున్నాం. ఇండిపెండెంట్ సంఘాల పాస్టర్లకు మన మీద ఉన్న ఫిర్యాదు ఊరికే పుట్టలేదు.

రేపల్లె ఆడపడుచు
అందరికీ కృతజ్ఞతలు. ఒంగోలు అన్నా, ఒక సందేహం. మా పాస్టర్ గారు అపొస్తలుల కాలంలో అప్పటికప్పుడే ఇచ్చేవారు, ఆలోచించుకోవడం అవిశ్వాసం అంటున్నారు. మీ బాప్టిస్టు సంఘాల్లో కూడా అలాగే ఇస్తారా?

ఒంగోలు విశ్వాసి
లేదమ్మా. మా దగ్గర కొన్ని వారాలు క్లాసులు ఉంటాయి, తర్వాత సంఘ పెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు, ఆపైన సంఘం ముందు సాక్ష్యం. పిల్లలైతే పన్నెండు పదమూడేళ్ళు దాటాలి అంటారు.

మా చరిత్రలో ఆగడం గురించి పెద్ద పాఠమే ఉంది. ధాత కరువు పేరు మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. 1876 నుంచి 1878 దాకా ఈ ప్రాంతం ఎండిపోయింది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కూలి తిన్నవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వకుండా ఆపాడు. కాలువ పని అయిపోయింది, సాయం ఆగిపోయింది. అయినా జనం వచ్చారు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. వాళ్ళు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. ముందు రోజు, తర్వాతి రోజు కలిపితే మూడు రోజుల్లో 3,536 మంది. ఏడాది చివరికి 9,606 మంది. ఇవి చెప్పుకుని మావాళ్ళు గర్వపడతారు. నాకు మాత్రం ఆ అంకెల కన్నా వాటికి ముందు ఆగిన ఆ ఏడాదే గొప్పగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న మనిషి బలహీనతను వాడుకోకుండా సేవకుడు చేయి ముడుచుకుని నిలబడ్డాడు. ఆలోచించుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

కాలువగట్టు
నాది వేరే దారి. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కాదు. డిగ్రీలో ఉండగా రూమ్మేట్‌తో ప్రార్థనకు వెళ్ళడం మొదలైంది. నమ్మకం కుదిరిన తర్వాత కూడా బాప్తిస్మం తీసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ప్రార్థనకు వెళ్ళినంత కాలం ఇంట్లో ఏదో ఫ్రెండ్స్‌తో తిరుగుతోందిలే అనుకున్నారు. బాప్తిస్మం అనగానే వేరే సంగతి అయిపోయింది. పండక్కి ఇంటికి రానిస్తారా, చెల్లి పెళ్ళికి అడ్డమవుతుందా, నాన్న ముఖం ఎలా చూడాలి అని టెన్షన్. పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్ళకు ఈ బరువు తెలియదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. తప్పుగా అనుకోకండి.

నాకు గోదావరి కాలువలో ఇచ్చారు. రేవు మెట్ల మీద సంఘం నిలబడి పాడుతోంది. ఇద్దరు అక్కలు ముందే నీళ్ళలోకి దిగి నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళారు. అడుగున బురద కాళ్ళ వేళ్ళ మధ్య జారుతోంది. నడుము లోతు వచ్చాక అయ్యగారు నా చేతులు ఛాతీ మీద పెట్టించి, ఒక చేయి మెడ కింద వేసి, "మీ స్వంత ఇష్టంతోనే వచ్చారా?" అని అందరికీ వినపడేలా అడిగారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ విలువైనది. నీళ్ళు ముక్కులోకి వెళ్ళి దగ్గు వచ్చింది. పైకి లేవగానే ఒక అక్క దుప్పటి కప్పింది. అదే ఆదివారం మొదటిసారి బల్లలో చేయి వేశాను.

పేరు మార్చుకోమని ఎవరూ అడగలేదు, నేను మార్చుకోలేదు. నాన్న మూడేళ్ళు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతున్నారు. సిస్టర్, మీ అమ్మగారు మీ విశ్వాసానికి శత్రువు కాదు, మీకు ముందే విశ్వాసంలో ఉన్న మనిషి. ఆవిడను పక్కన పెట్టి నిర్ణయం చేయకండి.

పల్లె చివరి ఇల్లు
ఒక విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు. మాది మాదిగపల్లె. మా దగ్గర బాప్తిస్మం అనగానే రెండో ప్రశ్న సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మారినవాళ్ళను మన రాష్ట్రాల్లో బీసీ-సీ కింద లెక్కిస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. పల్లెలో కులం మాత్రం మునిగి లేచినా పోదు. హోటల్లో, పొలంలో, పెళ్ళి సంబంధంలో అదే కులం. కాగితం మీద మాత్రం పోతుంది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదంది. ఆ కేసులో పుట్టిన కొద్ది వారాలకే జరిగిన బాప్తిస్మం రికార్డు కూడా లెక్కలోకి వచ్చింది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న మనిషి అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడంది. దళిత క్రైస్తవుల హోదా పిటిషన్ 2004 నుంచి సుప్రీంకోర్టులో నడుస్తూనే ఉంది.

అందుకే మా ఊళ్ళో కొందరు ముప్పై ఏళ్ళుగా గుడికి వస్తూ, పాటలు పాడుతూ, నీళ్ళలోకి మాత్రం దిగరు. కొందరు దిగుతారు, రిజిస్టరులో పేరు రాయవద్దంటారు. పట్నం పాస్టర్లు వాళ్ళను పిరికివాళ్ళు అంటే నాకు కడుపు మండుతుంది. పిల్లల చదువుకూ ప్రభువుకూ మధ్య ఎంచుకోమని పెట్టింది వాళ్ళు కాదు. అబద్ధం చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఈ బరువు ఎవరి మీద పడుతోందో మాత్రం చూడమంటున్నాను. గుండ్లకమ్మలో మునిగిన ఆ వేలమంది చాలావరకు మావాళ్ళే. ఆ నీళ్ళలో వాళ్ళకు మొదటిసారి దొరికింది మనిషిగా ఒక పేరు, ఒక లెక్క. అందుకే మాకు బాప్తిస్మం అంటే ప్రాణం, అందుకే ఈ నొప్పి.

నవజాత వార్డు
పల్లె చివరి ఇల్లు అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ధన్యవాదాలు.

నేను కథోలిక నర్సును. మేము జ్ఞానస్నానం అంటాం. మా సంఘంలో అత్యవసరమైతే ఎవరైనా ఇవ్వవచ్చు. నీళ్ళు, త్రిత్వ నామం (తండ్రి కుమార పరిశుద్ధాత్మ), సంఘం చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ నిలబడదని తెలిసినప్పుడు, తల్లిదండ్రులు అడిగితే, సిరంజిలో స్టెరైల్ వాటర్ తీసుకుని నుదుటి మీద మూడు చుక్కలు వేశాను. వైర్లు, ట్యూబుల మధ్య అంతే చోటు ఉంటుంది. ఆ బిడ్డ నమ్మాడా అని అప్పుడు ఎవరూ అడగరు. ఆ తల్లికి తన బిడ్డ దేవుని చేతుల్లో ఉన్నాడని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ మూడు చుక్కలే.

వేరే సంఘంలో త్రిత్వ నామంలో నీళ్ళతో పొందినవాళ్ళు మా దగ్గరికి వస్తే మళ్ళీ ఇవ్వం. ప్రతి ఈస్టర్ జాగరణ రాత్రి అందరం కొవ్వొత్తులు పట్టుకుని బాప్తిస్మ వాగ్దానాలు మళ్ళీ చెబుతాం, గురువు మా మీద నీళ్ళు చల్లుతారు. మళ్ళీ అనుభవించాలన్న ఆశ తప్పు కాదు సిస్టర్, దానికి దారులు ఉన్నాయి.

ఏకనామం
బాప్తిస్మం యేసు నామంలోనే ఇవ్వాలి. అపొస్తలుల కార్యములు 2:38, 8:16, 10:48, 19:5 చూడండి. త్రిత్వ నామంలో ఇచ్చింది ముంచినా పోసినా ఒకటే, రెండూ చెల్లవు.

వేదిక నిర్వాహకుడు
బ్రదర్, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇవ్వమన్న మత్తయి 28:19 ఎదురుగా పెట్టుకుని ఈ చర్చ ఇక్కడ చాలాసార్లు జరిగింది, దానికి వేరే థ్రెడ్ ఉంది. ఈ సిస్టర్ అడిగిన ప్రశ్నను దారి మళ్ళించవద్దు.

బాపట్ల మనవడు
ఇంకో సంగతి కూడా తెలియాలని రాస్తున్నాను. మా నానమ్మ సాల్వేషన్ ఆర్మీ. వాళ్ళు నీళ్ళ బాప్తిస్మం ఇవ్వరు, బల్ల కూడా ఆచరించరు. యూనిఫాం వేసుకుని, జెండా కింద నిలబడి ఒడంబడిక చేస్తారు. ఆవిడ బతికినన్నాళ్ళూ కుష్ఠురోగుల పుండ్లు కడిగింది. ఆవిడ రక్షణ పొందలేదని నా ముందు ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాగని నేను బాప్తిస్మం తీసుకోకుండా లేను. ప్రభువు ఆజ్ఞ ఇచ్చాడు కాబట్టి తీసుకున్నాను. ఆజ్ఞ కాబట్టి పాటించాలి, అది లేనివాళ్ళను తీర్పు తీర్చే పని మనది కాదు.

ఇద్దరు కూతుళ్ళ తల్లి
అమ్మాయీ, నేను మీ అమ్మ వయసుదాన్ని. మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు. మా పెద్దది రెండోసారి తీసుకుంది, మాకు చెప్పకుండా. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో చూసి తెలుసుకున్నాను. తెల్లబట్టల్లో తడిసి నవ్వుతోంది. దాని సంతోషం చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నన్ను బాధపెట్టింది మునగడం కాదు, దాచడం. చిన్నది కూడా అలాంటి సంఘానికే వెళ్తోంది. అది మాత్రం మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "నాకు చిన్నప్పుడు మీరు చేయించింది నేను కాదనడం లేదు, నా నోటితో చెప్పే అవకాశం కావాలి" అంది. మేము ఒప్పుకోలేదు, కానీ ఆ రోజు కలిసి ప్రార్థన చేసుకున్నాం. మీ అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చో. ఫోన్లో తేలే విషయం కాదు ఇది.

రేపల్లె ఆడపడుచు
ఊరికి వెళ్ళి వచ్చాను. అమ్మ బీరువాలోంచి నా బాప్తిస్మ పత్రం తీసి చూపించింది. సాక్షులుగా సంతకం పెట్టినవాళ్ళలో మా మేనమామ, సండే స్కూల్ టీచరమ్మ ఉన్నారు. ఆ టీచరమ్మ నాకు నిజంగానే ప్రార్థన నేర్పింది. అంటే వాళ్ళు ఆ రోజు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. పదహారేళ్ళకు నేను ఒప్పుకున్నది కూడా ఉత్త మాట కాదు, నాకు గుర్తుంది.

అందుకని ఈసారి పేరు రాయించుకోవడం లేదు. పాస్టర్ గారికి మావారితో కలిసి వెళ్ళి చెప్పాను. నా బాప్తిస్మం చెల్లలేదని నేను ఒప్పుకుని దిగలేను, మీ నియమాన్ని గౌరవించి బల్ల దగ్గర ఊరికే కూర్చుంటాను, నెలకొకసారి లూథరన్ గుడికి వెళ్ళి సంస్కారం తీసుకుంటాను అన్నాను. ఆయనకు నచ్చలేదు, కానీ రావద్దనలేదు. ముందు ముందు నా మనసు మారుతుందేమో తెలియదు. మారితే అమ్మతో చెప్పే చేస్తాను. మావారు మాత్రం పసిబిడ్డల బాప్తిస్మం ఒప్పుకోరు. రేపు పిల్లలు పుడితే ఏం చేయాలన్న మాట మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.

ఒంగోలు విశ్వాసి
నేనైతే వేరే నిర్ణయం ఆశించాను చెల్లెమ్మా. అయినా నీ మనస్సాక్షిని గౌరవిస్తున్నాను. పిల్లల విషయంలో మా సంఘాల్లో బిడ్డ ప్రతిష్ఠ ఉంటుంది. బిడ్డను ముందుకు తెచ్చి ప్రార్థన చేస్తారు, నీళ్ళు ఉండవు. ఇద్దరికీ ఒప్పుదల అవుతుందేమో మాట్లాడుకోండి.

బడిపంతులు
నేను ప్రతిష్ఠతో ఆగిపోమని చెప్పలేను తమ్ముడూ. కానీ ఆ సంగతి బిడ్డ పుట్టాక చూద్దాం.

తండ్రి మంచం పక్కన
పాత చర్చ అయినా ఇక్కడే అడుగుతున్నాను. మా నాన్నకు పక్షవాతం, మంచం మీదే ఉంటారు. జీవితమంతా అమ్మను గుడికి పంపి తాను బయటే కూర్చున్న మనిషి. ఇప్పుడు బాప్తిస్మం కావాలంటున్నారు. మాట సరిగా రాదు, కానీ స్పష్టంగా అర్థమయ్యేలా చెబుతున్నారు. మాది ముంచి ఇచ్చే సంఘం. పాస్టర్ గారు ఎలా ఇవ్వాలా అని ఆలోచిస్తున్నారు. ఎవరైనా ఇలాంటివారికి ఇచ్చారా?

హెబ్రోను మార్గం
బ్రదర్, మా సంఘంలో ఇలాంటివారికి ఇచ్చాం. తొట్టిలో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసి, నలుగురు పట్టుకుని కూర్చోబెడతాం. నీళ్ళు ఛాతీ దాకా ఉంటే చాలు, కుర్చీని వెనక్కి వంచి ముంచి లేపుతాం. ఇద్దరు కుర్చీ పట్టుకుంటారు, ఒకరు తల, ఒకరు ముక్కు దగ్గర రుమాలు. మొత్తం రెండు మూడు సెకన్లు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. పొద్దున్నే పెట్టవద్దు, ఎండ వచ్చాక పెట్టండి. బట్టలు మార్చడానికి పక్కనే గది, ఫ్యాన్ ఆపి ఉంచండి. ముందు రోజు ఆయన బరువున్న మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి వంచి చూసుకోండి.

నవజాత వార్డు
నర్సుగా చెబుతున్నాను. మింగడంలో ఇబ్బంది ఉందా అని ముందు చూడండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి ఉంటుంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. ముక్కు గొట్టం, యూరిన్ గొట్టం, పడక పుండ్లు, వీటిలో ఏది ఉన్నా ముంచవద్దు. డాక్టర్ సరే అంటేనే తొట్టి. కాకపోతే మంచం మీదే తలకింద బేసిన్ పెట్టి పోయమనండి.

సెమినరీ బెంచి
దిదకేలో తల మీద మూడుసార్లు పోయమన్న మాట ఇలాంటి పరిస్థితికి కూడా పనికొస్తుంది. మీ పాస్టర్ గారికి అది చూపించండి. మునిగే సంఘమని ఆయన సంకోచిస్తే, సంఘ పెద్దలను మీ ఇంటికే పిలిచి వాళ్ళ ముందు ఇవ్వమనండి, తర్వాత ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నలకు నాన్నగారు తల ఊపినా, చేయి నొక్కినా ఒప్పుకోలే.

తండ్రి మంచం పక్కన
యూరిన్ గొట్టం ఉందండీ, అయితే తొట్టి వద్దు. దిదకే సంగతి పాస్టర్ గారికి ఇప్పుడే ఫోన్లో చెప్పాను. బుధవారం సాయంత్రం పెద్దలతో వస్తామన్నారు. మా మేనత్తలు క్రైస్తవులు కాదు, వాళ్ళను కూడా పిలవమని నాన్న సైగ చేశారు. ఉదయం వాళ్ళకు ఫోన్ చేస్తాను.